కుంటకు వేసిన రంగులు

పెద్దమ్మ దినాలు అయిపోయిన మరునాడు వదిన ఆమె ట్రంకుపెట్టె తెరిచింది. పైన నాలుగు నేత చీరలు, వాటి మడతల్లో కలరా ఉండలు, ఎప్పుడో ఆగిపోయిన చేతిగడియారం, అన్నింటికంటే అడుగున పాత గుడ్డలో చుట్టిన ఒక మాసపత్రిక. "గిది నువ్వు జేసిందే గదా సుజాతా. అత్తమ్మ ఎవ్వల్నీ ముట్టనియ్యకపోతుండె" అని వదిన దాన్ని నా చేతిలో పెట్టింది. నేను అక్కడ దాన్ని విప్పలేదు. సంచిలో వేసుకుని పటాన్‌చెరుకు, మా ఇంటికి తెచ్చుకున్నాను. తెచ్చాక కూడా మూడు రోజులు సంచిలోనే ఉంచాను. నడిమి పేజీల్లో ఏముందో నాకు తెలుసు. ఆ పేజీలు పేర్చింది నేను, ఆ ఫొటోకు రంగు పెట్టింది నేను. యాభై దాటిన మనిషివి, పాత ఫొటోకు భయపడడమేమిటే అని నన్ను నేనే తిట్టుకుని, నాలుగో రోజు వంటింటి గట్టు మీద పెట్టి తెరిచాను. ముందు కలరా ఉండల వాసనే వచ్చింది. ఆ తర్వాత అన్నీ గుర్తుకొచ్చాయి.

మా నాయన నా చిన్నతనంలోనే పోయాడు. అమ్మనూ నన్నూ పెద్దనాయన తన ఇంటికి తెచ్చుకున్నాడు. బొల్లారం దాటి లోపలికి వెళితే వచ్చే చిన్న ఊరు. ఆ ఇంట్లో రోజు వాసనతో మొదలయ్యేది. పెద్దనాయన లేవగానే, ముఖం కడుక్కోకముందే వాకిట్లోకి వచ్చి, తల పైకెత్తి రెండుసార్లు గాలి పీల్చేవాడు. "ఇయాల ఉల్లిగడ్డ కంపెనీది" అనేవాడు. చుట్టూ ఉన్న మందుల కంపెనీల బోర్డులన్నీ ఇంగ్లీషులో ఉండేవి, మా ఊళ్లో వాటిని చదివే ఓపిక ఎవరికీ లేదు. వాసనను బట్టే వాటికి పేర్లు పెట్టుకున్నాం. ఉల్లిగడ్డ కంపెనీ, మురిగిన గుడ్ల కంపెనీ, పండు కంపెనీ. పండు కంపెనీ వాసన బాగా మగ్గిన అరటిపండులా ఉండేది, పిల్లలకు ఇష్టం కూడా, కానీ తలనొప్పి ఎక్కువగా దానితోనే వచ్చేది. పెద్దనాయన ఏ పేరు చెబితే దాన్ని బట్టి పెద్దమ్మ పనులు మారేవి. గుడ్ల కంపెనీదైతే దండెం మీది బట్టలన్నీ లోపలికి తెచ్చేది. పండు కంపెనీదైతే శొంఠి అరగదీసి నా నుదుటికి పట్టు వేసి పంపేది. పెంకు మీద కాలే జొన్నరొట్టె వాసనా, వాకిట్లో చల్లిన పేడనీళ్ల వాసనా, వీటన్నిటి మీదా ఆ వాసన. దానిలోనే తిన్నాం, దానిలోనే నిద్రపోయాం. పట్నం నుంచి వచ్చిన చుట్టాలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే మాత్రం పెద్దమ్మకు మండేది. "మా ఇంటికొచ్చి ముక్కు మూసుకునుడేంది, మేం మనుషులం గామా" అని వాళ్లకు వినపడేటట్టే గొణిగేది.

మా చేను రేగడికుంట కింద ఉండేది, రెండెకరాల వరి. కుంట పెద్దదేం కాదు, ఈ గట్టున నిలబడి పిలిస్తే ఆ గట్టున పలికేంత. నా చిన్నప్పుడు అందులో బర్లను కడిగేవాళ్లం. నేను డిగ్రీకి వచ్చేసరికి ఎగువన ఉన్న కంపెనీల్లో ఒకటి తన గోడ కింద నుంచి నీళ్లు వదలడం మొదలుపెట్టింది. ఏ కంపెనీదో ఊరంతా తెలుసు, ఒట్టేసి చెప్పమంటే మాత్రం ఎవరూ చెప్పలేరు. వారంలో ఒకటి రెండు రోజులు కుంట ఎర్రగా తిరిగేది. మట్టి ఎరుపు కాదు, గోరింటాకు పండిన అరచేతి ఎరుపు. ఆ నీళ్లు పారిన మడిలో నాటు నిలబడేది కాదు. రెండు బర్లు కట్టిన చూలు నిలవక ఈచుకుపోయాయి. పెద్దనాయన తిరగని ఆఫీసు లేదు. ఎవరైనా అధికారి వస్తున్నాడంటే ఊరికంటే ముందు ఆ కంపెనీకి తెలిసేది. వారం ముందు నుంచే వదలడం ఆపేసేవారు. అధికారి వచ్చి గట్టు మీద నిలబడేసరికి కుంట ఏమీ ఎరగనట్టు మామూలుగా ఉండేది. "నిన్నటిదాంక ఎర్రగుండె సారూ" అనే మాట పెద్దనాయన ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

అప్పట్లో నేను సంగారెడ్డిలో ఒక మాసపత్రికలో పేజీలు పేర్చే పనిలో ఉన్నాను. ఊరి నుంచి ఆటోలో పటాన్‌చెరు, అక్కడి నుంచి బస్సు. పత్రిక నడిపేది రామలింగం సారు, రిటైరైన తెలుగు పంతులు. జిల్లా కబుర్లు, రైతుల ముచ్చట్లు, రెండు కథలు, ఒక పద్యాల పేజీ. అట్టా, నడిమి రెండు పేజీలూ మాత్రమే రంగుల్లో వచ్చేవి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, ఆఫీసుకు రంగుల కంప్యూటరు వచ్చాక నాకు అన్నం నీళ్లూ గుర్తుండేవి కావు. మౌస్‌తో ఒక గీతను పైకి వంచితే ఎండిన పొలం పచ్చబడేది, కిందికి వంచితే మిట్టమధ్యాహ్నం మబ్బు పట్టేది. బతుకమ్మ సంచిక అట్ట మీద ఆకాశాన్ని బంతిపూల రంగు చేశాను. సింగూరు నీళ్లను వంకాయ రంగు చేశాను. నలుపు తెలుపు ఫొటోలకు టీ రంగు పూసి తాతలనాటివిలా మార్చాను. ఒకసారి బడిపిల్లల ఫొటో మొత్తాన్నీ నలుపు తెలుపు చేసి, ఒక్క పిల్ల రిబ్బన్లను మాత్రం ఎర్రగా వదిలాను. సారు దాన్ని వారం రోజుల పాటు గడప తొక్కిన ప్రతివాడికీ చూపించాడు. ఫొటో ఎలా ఉందో అలా అచ్చువేయడం నాకు నామోషీగా ఉండేది. అది స్టూడియోవాడి పని, నాదేముంది అందులో అనుకునేదాన్ని.

మా ఊళ్లో కూడా పేరొచ్చింది. కంప్యూటర్ల రంగులు మార్చే పిల్ల అనేవారు. పెళ్లిచూపుల ఫొటోలు పట్టుకొచ్చి జెర తెల్లగ జెయ్యమని బతిమాలేవారు. ఒక సాయంత్రం పెద్దమ్మ బియ్యం చెరుగుతూ, "మీ పెద్దనాయననుగూడ అందుల ఏసి తెల్లగ జెయ్యరాదు పిల్లా, సూస్తందుకన్న మంచిగుంటడు" అంది. పెద్దనాయన సాసర్‌లో పోసుకున్న చాయను ఊదుతూనే, "తెల్లగైతె నన్ను ఇంట్లకు రానిస్తదా మీ పెద్దమ్మ? ఎవడో పరాయోడనుకుని కట్టె అందుకుంటది" అన్నాడు. అమ్మ ఎప్పుడూ బిగ్గరగా నవ్వేది కాదు, ఆ రోజు నవ్వింది.

ఆ ఏడే ఊళ్లోనే విచారణ పెడతారని కబురు వచ్చింది. నీళ్ల గురించి పెద్దనాయన పెట్టిన కాగితాలన్నీ చూసే పెద్ద అధికారి స్వయంగా వస్తాడట. రుజువైతే గోడ కింది తూము మూసేయిస్తాడట. ఆ కబురు విన్న రాత్రి అన్నం ముందు కూర్చుని పెద్దనాయన నాతో అన్నాడు. "ఆయన వచ్చేటాల్లకు కుంట మళ్ల మంచిగైతది బిడ్డ, నాకెర్కే. అందుకే ఎర్రగున్న దినం ఫొటో దీసి నీ పుస్తకంల ఎయ్యి. నోటిమాటంటె కాదంటరు. అచ్చుల వచ్చినంక ఎట్ల కాదంటరు?" అక్షరం ముక్క రాని మనిషికి అచ్చు మీద ఉన్న నమ్మకం అది. మరునాడు సారుకు చెబితే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "నడిమి పేజీలు రెండూ ఇచ్చేద్దామమ్మా" అన్నాడు.

ఎర్రనీళ్లు వచ్చిన రోజే స్టూడియోవాణ్ని పిలిపించాం. మబ్బు పట్టిన రోజు. పెద్దనాయన చీలమండల దాకా నీళ్లలో దిగి, బకెట్ ముంచి పైకెత్తి, కదలకుండా నిలబడ్డాడు. నాలుగు రోజులకు ఫొటో కడిగి ఇస్తే చూద్దును కదా, నీళ్లు ఎర్రగా లేవు. బురద రంగులో ఉన్నాయి. స్టూడియోవాణ్ని అడిగితే, కడిగే మిషనే అంత మేడం, రంగు మరీ ఎక్కువైతే అదే తగ్గించి మామూలుగా చేస్తుంది అన్నాడు. పెద్దనాయన ఫొటోను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "గిది వానకాలం నీళ్ల లెక్కున్నది గద బిడ్డ" అన్నాడు. ఆయన ముఖం చూడలేక, "నేను సక్కగ జేస్త పెద్దనాయనా, నువ్వు పరేషాన్ గాకు" అన్నాను.

తరువాతి ఎర్రనీళ్ల రోజు ఆయన గాజుసీసా నిండా కుంట నీళ్లు పట్టి ఇచ్చాడు. దాన్ని బస్సులో ఒడిలో పెట్టుకుని తీసుకెళ్లాను. మూత బిగించినా వాసన ఆగదు, పక్క సీటావిడ లేచి వెనక్కి వెళ్లిపోయింది. తెర మీద కనిపించే రంగూ కాగితం మీద పడే రంగూ ఒకటి కాదు. అందుకని గులాబీ కొంచెం, పసుపు కొంచెం పెంచడం, పట్నంలో ప్రెస్సు నుంచి నమూనా కాగితం తెప్పించడం, కిటికీ దగ్గర ఎండలో కాగితాన్నీ సీసానూ పక్కపక్కన పెట్టి చూడడం, మళ్లీ మార్చడం. అలా మూడుసార్లు చేశాను. మూడోసారి కాగితం మీది కుంటా సీసాలోని నీళ్లూ ఒక్కటయ్యాయి. నా బతుకులో అంత నిజాయితీగా నేను ఏ రంగూ వేయలేదు.

ఒక్క కొంగ తప్ప. రంగు నీళ్లకే అంటాలంటే నీళ్ల అంచు వెంట మౌస్‌తో గీత గీసి మిగతాదాన్ని వేరు చేయాలి. గట్టు వెంట గీశాను, పెద్దనాయన కాళ్ల చుట్టూ, బకెట్ చుట్టూ గీశాను. ఫొటో మూలన నీళ్లలో ఒక కొంగ ఉంది, గోరంత. దాన్ని వదిలేశాను. మొదట అది నా కంట పడలేదు. నమూనా కాగితం వచ్చాకే కనపడింది. తెల్ల కొంగ కాస్తా గులాబీ రంగులో నిలబడి ఉంది. సరిచేయడానికి పది నిమిషాలు చాలు. చేయలేదు. ఎందుకు చేయలేదంటే, బాగుంది. అంత ఎర్రటి నీళ్లలో లేత గులాబీ కొంగ ఎంత బాగుందో చెప్పలేను. సారు కూడా భూతద్దంతో చూసి, "కొంగ పద్యంలా ఉందమ్మా" అన్నాడు. ఇంకేం, నా కాళ్లు నేల మీద ఆనలేదు.

పత్రిక వచ్చిన రోజు మా ఊళ్లో పండగే. పెద్దనాయన ఆ పేజీలు తెరిచి, తన నీళ్లను గుర్తుపట్టి, వేలితో తడిమి చూశాడు. "అబ్బ, గిదే బిడ్డ. గిదే గిదే" అన్నాడు. పెద్దమ్మ ఒక ప్రతిని అప్పుడే దాచేసింది. విచారణకు వారం ఉందనగా అనుకున్నట్టే కుంట మామూలు రంగుకు వచ్చింది. "రానియ్యి, ఇగ మనకేం ఫికర్ లేదు" అన్నాడు పెద్దనాయన.

బడి ముందు షామియానా వేశారు. వచ్చిన అధికారి చెడ్డవాడేం కాదు. నెమ్మదైన మనిషి, అలిసిపోయినట్టున్నాడు. కుంట చూసి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పెద్దనాయన ఉతికిన ధోవతి కట్టుకుని, రెండు చేతులతో పత్రిక అందించాడు. అధికారి చాలాసేపు చూశాడు. అప్పుడు కంపెనీ తరఫున వచ్చినతను లేచాడు. అతని దగ్గర కూడా మా పత్రికలే ఉన్నాయి, పాత సంచికలు. ఒక్కొక్కటే తెరిచి అధికారి ముందు పెట్టాడు. "ఇది సింగూరు సార్. నీళ్లు వంకాయ రంగులో ఉన్నాయి. ఇవి కూడా మేమే వదిలామంటారా? ఇది ఆకాశం సార్, బంతిపూల రంగు. ఇది కూడా మాదేనా?" షామియానా కింద నవ్వులు మొదలయ్యాయి. అధికారి మళ్లీ మా నడిమి పేజీల్లోకి వచ్చి, కళ్లజోడు సర్దుకుని, మూలన వేలు పెట్టాడు. "పెద్దాయనా, మీ ఊళ్లో కొంగలు కూడా ఎర్రగానే ఉంటాయా?" అని అడిగాడు. ఎగతాళిగా కూడా కాదు, మామూలుగానే అడిగాడు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో మా ఊరివాళ్లు కూడా ఉన్నారు. పెద్దనాయనకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ఆయన కొంగను అప్పుడే మొదటిసారి చూశాడు.

నేను లేచి నిలబడ్డాను. "కొంగొక్కటే తప్పు సార్. నీళ్లు నిజం" అన్నాను. "ఈ పేజీ చేసింది మీరేనా?" "నేనే సార్." "అంటే ఫొటో మీద రంగు వేశారు." "వేసిన సార్. కానీ ఉన్న రంగే వేసిన." "ఉన్న రంగును మళ్లీ వేయడమేంటమ్మా? అసలు ఫొటో ఉందా?" ఉంది. నా సంచిలోనే ఉంది. లేదని చెప్పి ఉండవలసింది. ఇచ్చాను. అందులో నీళ్లు బురద రంగులో, కొంగ తెల్లగా ఉన్నాయి. ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టి నా వైపు జాలిగా చూశాడు. సీసా మాట ఎత్తుదామంటే, నీళ్లు కొన్నాళ్లకే పేరుకుని పైన తేటబడ్డాయి, కంపు భరించలేక సారు దాన్ని ఎప్పుడో పారబోయించాడు. ఉన్న రంగును మళ్లీ ఎందుకు వేయవలసి వచ్చిందో ఇన్నేళ్లలో మనసులో ఎన్ని రకాలుగా చెప్పుకున్నానో, ఏ రకంగా చెప్పినా వినేవాడికి అబద్ధంలాగే ఉంటుంది. ఆరోపణకు ఆధారం లేదని రాసుకుని ఆయన జీపెక్కాడు.

ఇంటికి నడిచి వస్తుంటే పెద్దనాయన ముందు, నేను వెనక. తిడతాడేమో, తిడితే బాగుండునని కోరుకున్నాను. మా గల్లీ మలుపులో ఆగి, "కొంగ మంచిగనే ఉండె బిడ్డ" అన్నాడు. అంతే. ఆ మాట కంటే నాలుగు దెబ్బలు కొట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆయన ముందు ఏడ్చే ముఖం కూడా నాకు లేదు.

తరువాతి పంటకారు నుంచి ఆ రెండెకరాలు సాగు లేక పడావు పడ్డాయి. పెద్దనాయన ఉల్లిగడ్డ కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. నీలం చొక్కా, నెత్తిన టోపీ, చేతిలో కట్టె. ఆ ఉద్యోగంలో చేరాక పొద్దున్నే వాకిట్లో నిలబడి గాలి పీల్చడం మానేశాడు. ఏ వాసన వచ్చినా పేరు చెప్పేవాడు కాదు. ఏ రోజు బట్టలు లోపలికి తేవాలో తెలియక పెద్దమ్మ అన్ని రోజులూ దండెం ఖాళీగానే ఉంచి ఇంట్లోనే ఆరేసేది.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్‌లో వేలితో ఒక్కసారి గీకి తన ముఖాన్ని నాలుగు రంగుల్లో చూసుకుంటుంది. నేను మూడు వారాలు పడిన పని దానికి రెప్పపాటు. మొన్న ఎవరో వాగులో నురగ ఫొటో పెడితే కింద అందరూ ఇది ఫిల్టర్ అని రాశారని నవ్వుతూ చూపించింది. నాకు నవ్వు రాలేదు. అప్పుడు ఫొటో నమ్మకపోవడానికి నాలాంటిదొకతి దొరకాల్సి వచ్చింది. ఇప్పుడు ఎవరూ అక్కరలేదు, నమ్మకపోవడం అందరికీ అలవాటే. కుంటలోకి నీళ్లు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఎవరి అనుమతీ అడగకుండానే వస్తున్నాయి.

సారు పోయాక పత్రిక ఆగిపోయింది. నేను పెళ్లై పటాన్‌చెరు వచ్చాను. మా ఆయన పనిచేసే యూనిట్ మూతపడ్డాక ఒక డీటీపీ సెంటర్‌లో చేరి పెళ్లికార్డులు, స్కూలు పాంప్లెట్లు, ప్లాట్లు అమ్మేవాళ్ల బ్రోచర్లు చేస్తూ వచ్చాను. కిష్టారెడ్డిపేట వైపు, మా ఊరి వైపు వెంచర్లు జోరుగా పడుతున్న కాలం. ఒక రోజు ఒకతను ఫోన్‌లో ఫొటో పంపాడు. పచ్చగా పాచి పట్టి, ఒడ్డున నురగ తేలుతున్న కుంట. గట్టును చూడగానే పోల్చుకున్నాను. అతను నా కుర్చీ వెనకే నిలబడి, "నీళ్లు జెర నీలం కొట్టుండ్రి మేడం, మనోళ్లకు లేక్ వ్యూ అనిపియ్యాలె" అన్నాడు. చేయనని లేచి వెళ్లిపోవచ్చు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మా ఆయనకు ఆరు నెలలుగా పని లేదు. నురగ తుడిచేశాను. పాచి తీసేశాను. నీళ్ల అంచు వెంట గీత గీశాను, ఈసారి ఎక్కడా ఏమీ వదలలేదు. నీలం పోశాను. అతను చూసి, "అసలు సిసలు కుంట లెక్కనే ఉన్నది మేడం" అన్నాడు. ఆ బ్రోచర్ వేలల్లో అచ్చయింది, ఊరూరా పంచారు. ఆ నీళ్ల రంగు నిజమేనా అని ఒక్కరు కూడా అడగలేదు.

అది పెద్దనాయన పోవడానికి రెండేళ్ల ముందటి మాట. చూడడానికి వెళ్లాను. కళ్లకు ఆపరేషన్ అయింది, మంచంలో గోడకు ఒరిగి కూర్చుని ఉన్నాడు. చేనుకు బేరం పెట్టడానికి వచ్చినవాళ్లెవరో ఆ బ్రోచర్ ఇచ్చి వెళ్లారట. దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఏ ఊరి కుంటనే బిడ్డ ఇది?" అని అడిగాడు. "నీళ్లు ఎంత సక్కగున్నయో సూడు. గిసొంటి కుంట కింద అరెకరం ఉన్నా సాలు గద, మనిషి మంచిగ బతుకుతడు."

నేను మంచం పట్టె మీద కూర్చుని ఆయన కాలి మీద చెయ్యి వేశాను.

"ఏదో ఊరిది పెద్దనాయనా" అన్నాను.

"దూరమా?"

"దూరమే పెద్దనాయనా. శానా దూరం."